12 అడుగుల ఖాళీకి ఫోల్డింగ్ గ్లాస్ డోర్లు: 4 రెక్కలా, 5 రెక్కలా, 6 రెక్కలా?

కొత్తిల్లు:
అందరికీ నమస్కారం. ఇల్లు కడుతున్నాం. గోడలు లేచాయి, స్లాబ్ పడింది, ప్లాస్టరింగ్ ఇంకా మొదలవలేదు. హాల్‌కీ వెనక వరండాకీ మధ్య గోడ కట్టకుండా ఫోల్డింగ్ గ్లాస్ డోర్లు పెట్టించాలని ఇంట్లో అందరికీ ఉంది. వదిలిన ఖాళీ వెడల్పు సుమారు 12 అడుగులు, ఎత్తు కింద కాంక్రీటు నుంచి పైన బీమ్ దాకా 8 అడుగుల 2 అంగుళాలు. వరండా వెడల్పు మాత్రం 5 అడుగులే.

ముగ్గురిని అడిగితే మూడు రకాలుగా చెప్పారు. 4 రెక్కలు చాలు, గ్లాస్ పెద్దగా ఉంటేనే బయట బాగా కనిపిస్తుంది అని ఒకాయన. 6 పెట్టుకోండి, తేలిగ్గా కదులుతాయి అని ఇంకొకాయన. మూడో ఆయన 5 అన్నారు, ఎందుకని అడిగితే అందరూ అదే పెట్టించుకుంటున్నారు అన్నారు. మేం రోజుకి ఇరవై సార్లు ఆ దారినే తిరుగుతాం. పైగా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర పట్టుకుని నడుస్తుంది, కాబట్టి గడప కాలికి తగలకూడదు. అసలు సైజు ఎలా తేల్చుకోవాలి? స్టాండర్డ్ సైజు అంటూ ఏమైనా ఉందా? ఒకసారి ఆర్డర్ ఇచ్చాక మార్చలేం కదా, అదే టెన్షన్.

మూడంతస్తులు:
స్టాండర్డ్ సైజు కోసం వెతక్కండి, చాలావరకు ఖాళీని బట్టే చేసిస్తారు. మామూలుగా ఒక్కో రెక్క వెడల్పు 600 నుంచి 1000 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, అంటే 2 అడుగుల నుంచి 3 అడుగుల పైచిలుకు. మీ ముగ్గురు చెప్పినవీ దాదాపు ఆ లోపే వస్తాయి కాబట్టి ఎవరూ తప్పు చెప్పలేదు. అందుకే తేల్చుకోవడం మీకు కష్టంగా ఉంది.

టేపు చేతిలో:
చాలా ఏళ్ళుగా ఈ డోర్లు బిగించే పనిలోనే ఉన్నాను, కాస్త వివరంగా చెప్తాను. అందరూ మొత్తం వెడల్పుని రెక్కలతో భాగించడంతో మొదలుపెడతారు. మీరు అలా కాకుండా రోజూ తెరిచే ఆ ఒక్క రెక్కతో మొదలుపెట్టండి. 12 అడుగులూ పూర్తిగా తెరిచేది ఎప్పుడో నలుగురు వచ్చినప్పుడు. మిగతా రోజుల్లో ఒక రెక్క మాత్రమే మామూలు తలుపులా తెరిచి మూస్తారు, మీరు చెప్పిన ఇరవై సార్లూ దానిలోంచే. ఆ రెక్క ఎంత వెడల్పు, ఏ పక్కన ఉంది అన్నదే ముందు తేలాలి.

లెక్క చూడండి. 12 అడుగులంటే 3658 మిల్లీమీటర్లు. రెండు పక్కలా ప్లాస్టరింగ్ పోను, బిగించడానికి ఒక్కో పక్క 5 మిల్లీమీటర్ల సందు పోను, రెండు పక్కల ఫ్రేమ్ పోను రెక్కలకి మిగిలేది సుమారు 3490. నాలుగైతే ఒక్కోటి 870, ఐదైతే 700, ఆరైతే 580. రెక్క అడ్డంగా తెరిచి నిలబడినప్పుడు దాని మందం కూడా దారిలోంచి పోతుంది, కాబట్టి 580 రెక్కలోంచి ఒక మనిషి చేతిలో బట్టల బుట్టతో వెళ్ళాలంటే పక్కకి తిరగాలి. 700 సరిపోతుంది గానీ చేతికర్రతో నడిచేవాళ్ళకి, రేపు వాకర్ వస్తే వాళ్ళకి, 870 చాలా సుఖం. మీ ఇంట్లో ఆరు రెక్కల మాట వదిలేయండి.

ఇంకోటి. 4 రెక్కలూ ఒకే పక్కకి మడిచేలా చేయిస్తే విడిగా తెరుచుకునే రెక్క ఉండదు, బయటికి వెళ్ళాలన్న ప్రతిసారీ రెండింటిని కలిపి మడవాలి. రెండు నెలలకే విసుగొస్తుంది. 4 పెట్టించుకుంటే మూడు ఒక పక్కకి, ఒకటి రెండో పక్కకి అని స్పష్టంగా చెప్పండి. 5 అయితే ఐదూ ఒకే పక్కకి మడిచినా చివరి రెక్క విడిగా తెరుచుకుంటుంది. ఎక్కువమంది 5 అనడానికి ఒక కారణం అదే.

ఇక మడిచిన రెక్కలు ఎక్కడ నిలబడతాయో చూసుకోవాలి. రెక్క ఎంత వెడల్పు ఉంటే వరండాలోకి అంత పొడుచుకొస్తుంది. 870 రెక్క అంటే 5 అడుగుల వరండాలో 2 అడుగుల పైచిలుకే మిగులుతుంది, 700 అయితే 2 అడుగుల 8 అంగుళాలు. దొంతర మందం మూడు రెక్కలకి ముప్పావు అడుగు, ఐదు రెక్కలకి అడుగుంబావు ఉంటుంది, మీ 12 అడుగుల్లో అంతమేరా ఎప్పటికీ తెరుచుకోదు. మీ వరండాలో మనుషులు ఏ చివర నుంచి ఏ చివరకి తిరుగుతారు? అది చెప్తే మిగతాది చెప్పగలను.

వాన జల్లు:
సైజు మాట వచ్చింది కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్తాను, మీరు ఇంకా ప్లాస్టరింగ్ దగ్గరే ఉన్నారు కాబట్టి పనికొస్తుంది. మేం తొందరపడి కాంక్రీటు నేల మీద నుంచే ఎత్తు కొలిచి, ఫ్లోరింగ్‌కి 2 అంగుళాలు వదిలి ఆర్డర్ ఇచ్చేశాం. తీరా టైల్స్ వేసేసరికి లెవెల్ కోసం 3 అంగుళాలు లేచింది. డోర్లు వచ్చిన రోజు నలుగురు కలిసి ఫ్రేమ్ ఎత్తి నిలబెట్టబోతే అడుగు టైల్స్ మీద ఆనింది, పై భాగం బీమ్ కిందికి పోదు, అంగుళం ఎక్కువ. బీమ్ ప్లాస్టరింగ్ చెక్కినా అర అంగుళమే దొరికింది. గ్లాస్ కోసుకుందాం అనుకున్నాం గానీ టఫెన్డ్ గ్లాస్‌ని గట్టిపరిచాక కోయడం, రంధ్రం పెట్టడం కుదరదు, ముక్కలైపోతుంది. ఐదు రెక్కలకీ గ్లాసు మళ్ళీ చేయించాల్సి వచ్చింది. అన్నాళ్ళూ అంత పెద్ద ఖాళీకి టార్పాలిన్ కట్టుకుని పడుకున్నాం, గాలి వీచిన ప్రతి రాత్రీ అది టపటపా కొట్టుకునేది, ఇప్పటికీ ఆ చప్పుడు గుర్తే.

అందుకని చెప్తున్నా, టైల్స్ వేశాకే చివరి కొలత. కుదరకపోతే కనీసం పూర్తయిన నేల ఎక్కడికి వస్తుందో మేస్త్రీ చేత గోడ మీద గీత గీయించి, దాని నుంచి కొలవండి.

కొత్తిల్లు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. టార్పాలిన్ సంగతి చదివి మా ఆయన ఆర్డర్ ఆపేశారు.

వరండా గురించి: కుడి చివర వంటగది తలుపు, పెరటి మెట్లు ఉన్నాయి, నడకంతా అటే. ఎడమ చివర గోడతో ముగిసిపోతుంది, అటు ఎవరూ వెళ్ళరు. మరి 4 రెక్కలైతే బరువు ఎక్కువ కదా, బీమ్ ఆగుతుందా? గడప సంగతి కూడా చెప్పండి.

టేపు చేతిలో:
అయితే మీకు 4 రెక్కలే నయం. మూడు ఎడమకి మడవండి, ఎవరూ తిరగని చోట 3 అడుగులు పొడుచుకొస్తే ఏమీ నష్టం లేదు. రోజూ తెరిచే రెక్క కుడి పక్కన, వంటగది వైపు. కుడివైపు కూడా దారి అడ్డుకోకుండా ఆ రెక్క పూర్తిగా వెనక్కి తిరిగి గోడకి ఆనేలా, అక్కడ పట్టుకోవడానికి ఒక క్యాచ్ ఉండేలా అడగండి.

బరువు లెక్క మీరే వేసుకోవచ్చు. చదరపు మీటరు గ్లాసు ఒక్కో మిల్లీమీటర్ మందానికి రెండున్నర కిలోలు. 6 మిల్లీమీటర్ల గ్లాసులు రెండు ఉన్న డబుల్ గ్లేజింగ్ అయితే చదరపు మీటరుకి 30 కిలోలు. మీ రెక్క 870 వెడల్పు, ఫ్లోరింగ్ పోను ఎత్తు సుమారు 2300 వస్తుంది, అంటే 2 చదరపు మీటర్లు, గ్లాసు ఒక్కటే 60 కిలోలు. ఫ్రేమ్ కలిపితే 70 దాటుతుంది. మీరు తీసుకునే సిస్టమ్‌లో ఒక్కో రెక్కకి ఎన్ని కిలోల దాకా ఒప్పుకుంటారో, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు దాకా ఒప్పుకుంటారో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.

పై నుంచి వేలాడే రకమైతే ఆ బరువంతా బీమ్ మోయాలి, అందులోనూ మూడు రెక్కలు మడిచాక 200 కిలోల పైన ఒకే చివరకి చేరుతుంది. బీమ్ మధ్యలో 3, 4 మిల్లీమీటర్లు కిందికి వంగినా రెక్కలు పట్టేస్తాయి. మీ ఇంజనీర్‌ని ఈ లెక్క చూపించి అడగండి. ఆయన సందేహిస్తే కింద చక్రాల మీద నడిచే రకం తీసుకోండి, బరువు నేల మీద పడుతుంది. కింద పట్టాలో ఇసుక చేరుతుంది కాబట్టి వారానికోసారి తుడుచుకోవాలి, అంతే. రెండు రకాల్లోనూ పైన కొంచెం సందు, సర్దుకునే వీలు ఉండాలి.

అమ్మగారి కోసం గడప నేలకి సమంగా కావాలంటే కింద పట్టా నేలలోకి దిగాలి, అంటే ఆ గాడి ఫ్లోరింగ్ వేసేటప్పుడే వదలాలి, తర్వాత టైల్స్ కోయాల్సి వస్తుంది. గడప లేని చోట ఈదురుగాలి వానకి నీళ్ళు లోపలికి వచ్చే వీలు ఎక్కువ, కాబట్టి వరండా నేల బయటికి వాలు ఉండాలి, గడప పక్కనే నీళ్ళు పోయే సన్నని కాలువ పెట్టించండి. దోమతెర కావాలన్నా ఇప్పుడే చెప్పండి, దానికి ఫ్రేమ్‌లో చోటు కావాలి, కొలత మారుతుంది.

కొత్తిల్లు:
నిన్న సాయంత్రం వరండాలో సుద్దముక్కతో రెక్కలన్నీ నిజం సైజులో గీశాం. ఎడమ చివర మడిచిన మూడు రెక్కల చోట అట్టపెట్టెలు నిలబెట్టి, కుడి పక్కన 870కి రెండు కుర్చీలు పెట్టి అమ్మని నడవమన్నాం. కర్రతో, ఇంకో చేతిలో నీళ్ళ చెంబుతో, ఆగకుండా వెళ్ళింది. తర్వాత కుర్చీలు 700కి జరిపాం, వెళ్ళింది గానీ కర్ర ఒకసారి కుర్చీ కాలికి తగిలింది. 4 రెక్కలకే ఖాయం చేశాం.

ఇంజనీర్ బీమ్ చూసి కింద నడిచే రకమే పెట్టించమన్నారు, గాడి ఎంత లోతు కావాలో డోర్ల వాళ్ళ దగ్గర అడిగి మేస్త్రీకి ఇచ్చాం. ప్లాస్టరింగ్ అయ్యాక చివరి కొలత ఎక్కడ తీయాలి? అన్నిచోట్లా ఒకేలా ఉండదు కదా.

టేపు చేతిలో:
ఉండదు. వెడల్పు పైన, మధ్యలో, కింద, ఎత్తు ఎడమన, మధ్యలో, కుడిన కొలవండి. ఒక్కోదాంట్లో అన్నిటికంటే తక్కువ వచ్చినదే తీసుకోండి. మూల నుంచి మూలకి కూడా రెండు వైపులా కొలవాలి, ఆ రెండూ సమానంగా రాకపోతే ఖాళీ వంకరగా ఉందని అర్థం, డోరు ఆర్డర్ చేసేముందే మేస్త్రీ చేత సరిచేయించండి.

కొత్తిల్లు:
ప్లాస్టరింగ్, టైల్స్ అయిపోయాయి. పైన 3632, మధ్యలో 3627, కింద 3635. ఎత్తు మూడు చోట్లా 2 మిల్లీమీటర్ల తేడాలోనే ఉంది, మూల నుంచి మూలకి రెండు వైపులా సమానమే. వెడల్పుకి 3627 తీసుకుని 10 తీసేసి ఫ్రేమ్ 3617 అని రాసిచ్చాం. డోర్ల వాళ్ళు కూడా వచ్చి వాళ్ళ టేపుతో కొలుచుకుని ఆ కాగితం మీదే సంతకం పెట్టారు.