పాత డీజిల్ కారు: ఉంచుకోవాలా, అమ్మేయాలా?

కూకట్‌పల్లి వాసి: 2021 నాటి డీజిల్ కారును నిరుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆఫీసు మాదాపూర్‌లో, రోజూ 8 కిలోమీటర్లు, అంతా ట్రాఫిక్. డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరు, దాని దీపం ఇప్పటికి 4 సార్లు వెలిగింది. రెండుసార్లు వంతెన మీద బండి వేగం అందుకోక వెనకవాళ్ల తిట్లు తిన్నాను. రిపేర్లకు 62,000 రూపాయలు అయ్యాయి. ఏం చేయమంటారు?

సిరిసిల్ల: అమ్మేయండి.

ఆయిల్ మాస్టారు: తప్పు కారుది కాదు, మీ ప్రయాణానిది. ఆ మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ట్రాఫిక్‌లో పాకే బండికి అంత వేడి ఎక్కడిది? కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. మధ్యలో మీరు ఆఫీసు చేరి ఇంజిన్ ఆపేస్తే, అందులో కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ మట్టం పెరిగిందా? వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట ఆగకుండా నడపండి. ఇంతకీ ఏ ఆయిల్ పోయిస్తున్నారు?

పాత స్విఫ్ట్: నాది 2012 బండి, 1.3 లీటర్ల ఫియట్ ఇంజిన్. 2,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఫిల్టరు లేదు, దీపం లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6, అంటే పొగ మీద కఠిన నిబంధనలు, వచ్చాక డీజిల్ కారు సామాన్యుడికి దూరమైంది. మారుతి అప్పుడే డీజిల్ మానేసింది, గుర్తుందా?

ఆయిల్ మాస్టారు: మీ బండి వదిలే మసిని వెనక స్కూటర్ మీద పిల్లను కూర్చోబెట్టుకుని వెళ్లే తల్లి పీలుస్తోంది.

పాత స్విఫ్ట్: నా దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తోంది. ఇంకేం కావాలి?

పల్నాటి రైతు: మీ ఇద్దరి గొడవ నాకు అర్థం కాదు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ బండ్లు చవకగా మన వైపు వచ్చాయి. అందులో ఒకటి నేను కొన్నాను. మీటరు 70,000 చూపించింది. మూడో నెలలో ఇంజెక్టర్లు, ఐదో నెలలో టర్బో పోయాయి. మిర్చి అమ్మిన డబ్బు మొత్తం వర్క్‌షాపులోనే పోయింది.

పాత స్విఫ్ట్: కొనేముందు మెకానిక్‌కు చూపించలేదా?

పల్నాటి రైతు: చూపించాను. ఆ రోజు ఒక్క దీపమూ వెలగలేదు.

కూకట్‌పల్లి వాసి: పాత కార్లు కొని అమ్మే ఆయన నాకు అదే సలహా ఇచ్చాడు. స్కానర్‌తో బండిలో నమోదైన లోపాల కోడ్‌లు చెరిపేసి, దీపం ఆర్పి, మరునాడే కొనేవారికి చూపించమన్నాడు. ధర 80,000 ఎక్కువ వస్తుందట.

పాత స్విఫ్ట్: అందరూ చేసేదే. చూసుకోవలసిన బాధ్యత కొనేవాడిది.

పల్నాటి రైతు: అందరూ చేసేదేనా? నాకు చేసింది సరిగ్గా ఇదే! ఆ అమ్మిన మనిషి కూడా ఇంట్లో కూర్చుని ఇలాగే అనుకుని ఉంటాడు. డీజిలా పెట్రోలా అని ఇంతసేపు వాదించారు. నా పంట డబ్బు తిన్నది డీజిల్ కాదు, చెప్పకుండా అమ్మిన నోరు.

పాత స్విఫ్ట్: నన్ను దొంగ అనకండి. నేను ఎవరికీ ఏమీ అమ్మలేదు. కానీ ఈయనకు పోయిన 62,000 ఎవరిస్తారు? ఈయనకు అమ్మినవాడు చెప్పాడా?

పల్నాటి రైతు: చెప్పలేదు. అందుకని ఈయన ఇంకొకరికి చెప్పకూడదా?

సిరిసిల్ల: ఇద్దరూ కాస్త శాంతించండి.

కూకట్‌పల్లి వాసి: ఆదివారం ఒకాయన చూడటానికి వస్తున్నారు. రోజూ హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్లి వచ్చే ఉద్యోగం ఆయనది. బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టాను, దీపం ఎప్పుడెప్పుడు వెలిగిందో రాశాను. కోడ్‌లు చెరపను.

పాత స్విఫ్ట్: 80,000 వదులుకుంటున్నారు. తర్వాత బాధపడకండి.

ఆయిల్ మాస్టారు: హైవే మీద తిరిగేవారైతే ఆ బండి ఆయన దగ్గర బాగుపడే అవకాశం ఉంది. అయితే మసి కాలుతుంది గానీ, ఆయిల్ వల్ల చేరే బూడిద కాలదు, ఫిల్టరులోనే ఉండిపోతుంది. అందుకే అడుగుతున్నాను, ఏ ఆయిల్ పోయించారో అది కూడా ఆ ఫైలులో రాయండి.