నిజాంపేట్‌లో ఐదో అంతస్తు నుంచి పావురాలు కాక ఇంకేమైనా కనిపిస్తాయా?

ఐదో_అంతస్తు:
హైదరాబాద్ నిజాంపేట్‌లో ఉంటాం. బాల్కనీకి పన్నెండడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ గోడ. మా అమ్మాయి ఆరో తరగతి. ఇంటి దగ్గర కనిపించే పది పక్షుల పేర్లు తెలుగులో రాసుకురమ్మన్నారట స్కూల్లో. మూడు రోజులు కూర్చున్నాం. పావురం, కాకి, మళ్లీ పావురం. ఆదివారం అమీన్‌పూర్ చెరువుకు తీసుకెళ్దామా?

లకుముకి:
అమీన్‌పూర్ ఎలాగూ చూడాల్సిందే. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, చలికాలంలో వలస పక్షులు బాగా దిగుతాయి. కానీ ప్రాజెక్ట్ ఇంటి దగ్గరివి రాయమని కదా. ఇంతకీ ఎన్నింటికి కూర్చున్నారు?

ఐదో_అంతస్తు:
పదింటికి. టిఫిన్లయ్యాక.

లకుముకి:
పదింటికి వాటి టిఫిన్లు కూడా అయిపోతాయండీ, నీడకు చేరిపోతాయి. ఆరుకల్లా మేడ ఎక్కండి. ముందు చెవులు పెట్టండి, కళ్లు తర్వాత. టుక్ టుక్ టుక్ అని రేకు మీద చిన్న సుత్తితో కొడుతున్నట్టు వినిపిస్తే ఎక్కడో పని జరుగుతోందనుకుంటాం. అది కంసాలి పిట్ట. పిచ్చుకంతే ఉంటుంది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్ర బొట్టు. రావి పండ్లంటే ప్రాణం. మా సందులో మిగిలింది ఒక్కటే రావిచెట్టు. దాని మీద నాలుగేళ్లుగా వింటున్నా, కంటికి ఆనింది మాత్రం రెండో ఏడాదిలో.

రిటైర్డ్_మాస్టారు:
పేర్ల సంగతి నేను చెబుతా. పాపను రాసుకోమనండి. బుల్‌బుల్‌ని పికిలిపిట్ట అంటాం, తోక కింద ఎర్రగా ఉంటుంది. మైనా అంటే గోరింక. మందార పూల మీద వాలేది తేనెపిట్ట. నల్లగా నిగనిగలాడుతూ తోక చివర రెండుగా చీలి ఉంటే పసుల పోలిగాడు. మా ఊళ్లో గేదెల వీపుల మీద సవారీ చేసేది. ఇక్కడ గేదెలు లేవు గనక కేబుల్ వైర్ల మీద కూర్చుంటుంది, పేరు మాత్రం మార్చుకోలేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు:
మాస్టారూ, సూపర్. నాదొక అనుభవం: 8×42 బైనాక్యులర్ కొని మొదటి రోజే బాల్కనీలో నిలబడ్డా. పావుగంటలో సెక్యూరిటీ వచ్చి తలుపు కొట్టాడు. ఎదురు బ్లాక్ అంకుల్ కంప్లైంట్! ఆయన్నే మేడ మీదికి తీసుకెళ్లి సెల్ టవర్ మీదున్న గద్దను చూపించా. ఇప్పుడు రోజూ ఆయనే నాకు ఫోన్ చేస్తాడు. మేడమ్, దయచేసి బాల్కనీలోంచి బైనాక్యులర్ వద్దు.

బోడుప్పల్_టెర్రస్:
మేడ అంటే గుర్తొచ్చింది. పోయిన ఏప్రిల్‌లో మా మేడ మీద తీతువు గుడ్లు పెట్టింది. ఏదో పనికి తెచ్చి మిగిల్చిన కంకర ఒక మూల పడి ఉంటే, దాని అంచున. గూడంటూ ఏమీ లేదు. నాలుగు రాళ్లు పక్కకు జరిపి మధ్యలో నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్ల మచ్చలు, కంకరలో కలిసిపోయి ఉన్నాయి. బట్టలు ఆరేయడానికి వెళ్లి ఇంకొక్క అడుగు వేస్తే తొక్కేసేదాన్నే. అది అరుస్తూ నా తల మీదికి దూకింది కాబట్టి ఆగాను.

ఇక గొడవ మొదలైంది. తీతువు అరిస్తే ఇంట్లో ఎవరో పోతారని మూడో అంతస్తు పిన్నిగారు. గుడ్లు తీసేయాలా వద్దా అని వాట్సాప్ గ్రూపులో పోల్ కూడా పెట్టారు, నమ్మండి. చివరికి మా వాచ్‌మన్, "మా చేలో ఏటా పెడుతుందమ్మా, ఎవరూ పోలేదు" అన్నాడు. ఆ మాటకు పిన్నిగారు మెత్తబడ్డారు.

ఏప్రిల్ మధ్యాహ్నం స్లాబ్ మీద చెప్పుల్లేకుండా నిలబడలేం కదా. ట్యాంకు నిండి నీళ్లు పొర్లే చోటికి వెళ్లి, పొట్ట ఈకలు బాగా తడుపుకొని, పరుగున వచ్చి గుడ్ల మీద కూర్చునేది. అవి ఉడికిపోకుండా. ఎన్నిసార్లు తిరిగేదో! దాదాపు నాలుగు వారాలకు మూడు పిల్లలయ్యాయి, నాలుగోది పొదగలేదు. పుట్టిన రోజే పరుగులు. కానీ పిట్టగోడ అని పేరేగానీ ఆ పిట్టలు దాన్నెలా దాటతాయి? తల్లీతండ్రీ పక్కనున్న ఖాళీ ప్లాట్‌లోంచి ఒకటే పిలుపు. వాచ్‌మన్ మూడింటినీ అట్టపెట్టెలో పెట్టి దింపి వచ్చాడు. మర్నాటికి రెండే కనిపించాయి. కుక్కలు ఉన్నాయి మరి.

ఇప్పుడు ఆ ప్లాట్‌లో పునాదులు తీశారు. ఈ ఏడాది తీతువు రాలేదు.

ఐదో_అంతస్తు:
మా అమ్మాయి రెండుసార్లు చదివించుకుంది. మేమూ బాల్కనీలో గింజలు వేస్తే పక్షులు వస్తాయా?

నీళ్ల_మూకుడు:
వస్తాయి, మళ్లీ పావురాలే! గింజలు వద్దే వద్దు. మా నాన్నకు తగ్గని దగ్గు పట్టుకుంటే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న ఇంట్లో పావురాలు ఉన్నాయా అని. ఆ రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాలకు మించకుండా నీళ్లు పెట్టండి, రోజూ మార్చండి. మాకు గోరింకలు స్నానానికి వస్తాయి, నేలంతా తడిపేసి పోతాయి.

సింగపూర్_తెలుగు:
ఇక్కడ పావురాలకు గింజలు వేస్తే ఫైనే. ఇంకో విచిత్రం, మనం కవిత్వం చెప్పుకునే కోయిల మీద ఇక్కడ నిద్ర పాడుచేస్తోందని ఫిర్యాదులు. మా బ్లాక్ కింద ఒక కాకి, నోరు బార్లా తెరిచిన కోయిల పిల్లకు తిండి పెట్టడం చూశా. పాపకు చెప్పండి, కోయిల అంతా నలుపే కాదు. ఆడది గోధుమ రంగులో తెల్ల చుక్కలతో ఉంటుంది. చాలామంది దాన్ని చూసి కూడా కోయిల అనుకోరు.

ఐదో_అంతస్తు:
థాంక్సండీ. ఇంకో డౌట్. దసరాకి మా గేటు దగ్గరికి పంజరంలో పాలపిట్టను తెచ్చారు, దర్శనం చేసుకొని డబ్బులిచ్చాం. అది లిస్టులో రాయొచ్చా?

లకుముకి:
వద్దండీ. కోప్పడుతున్నానని అనుకోకండి, తెలియక చాలామంది ఇస్తారు. ఎగిరిపోకుండా వాటి రెక్కలు కట్టేస్తారు, కొన్నిసార్లు జిగురు పూస్తారు. వదిలినా బతకడం కష్టం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడమే నేరం, పైగా అది తెలంగాణ రాష్ట్ర పక్షి. అసలుది చూడాలంటే ఊరి అంచున పొలాల మీది కరెంటు తీగలు చూడండి. కూర్చున్నప్పుడు మట్టిరంగు బొమ్మలా ఉంటుంది. రెక్క విప్పిందా, నీలం!

ఐదో_అంతస్తు:
మా అమ్మాయి లిస్టులోంచి పాలపిట్టను తనే కొట్టేసి, "ఇంకో పంజరం వస్తే డబ్బులివ్వకు" అని నాకు చెప్పింది.

నాలుగు రోజులుగా ఆరింటికే మేడ మీద ఉంటున్నాం. కాకి, పావురం, గోరింక, చిలుక, పికిలిపిట్ట, తేనెపిట్ట, గద్ద అయ్యాయి. టుక్ టుక్ విన్నాం, చూడలేదు. వినడం లెక్కలోకి వస్తుందా?

రిటైర్డ్_మాస్టారు:
వస్తుంది. పక్కన "విన్నాను" అని రాయమను.

ఐదో_అంతస్తు:
అయితే ఎనిమిది. ఇప్పుడే ఎదురు బిల్డింగ్ కేబుల్ వైరు మీద ఏదో వాలింది. నల్లగా ఉంది. ఇది కూడా కాకేనా అన్నాను.

"తోక చూడమ్మా, చీలింది. పోలిగాడు" అంటోంది.