కాన్‌స్టెన్స్ బేకర్ మాట్లీ గురించి చదివినవాళ్లు ఉన్నారా? చిన్న సాయం కావాలి

మా కాలేజీ పత్రికకి అమెరికా ఫెడరల్ జడ్జి కాన్‌స్టెన్స్ బేకర్ మాట్లీ మీద వ్యాసం రాస్తున్నాను. లాయరుగా ఆవిడ జీవితం బాగానే దొరికింది. మిసిసిపీ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థి జేమ్స్ మెరెడిత్‌కి 1962లో సీటు వచ్చిందంటే ఆ కేసు నడిపింది ఈవిడే. సుప్రీంకోర్టులో పది కేసులు వాదించి తొమ్మిది గెలిచారు. 1966లో ప్రెసిడెంట్ జాన్సన్ న్యూయార్క్‌లో ఫెడరల్ జడ్జిగా నియమించారు. ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతి మహిళ.

నాకు అసలు ఆసక్తి 1975 నాటి సంగతి మీద. ఒక పెద్ద లా ఫర్మ్ మీద ఆడవాళ్ల పట్ల వివక్ష కేసు ఆవిడ ముందుకొచ్చింది. మీరూ నల్లజాతి మహిళే, ఇలాంటి కేసులే వాదించారు, తప్పుకోండి అన్నారు అవతలి పక్షం. ఆవిడ తప్పుకోలేదు. జాతి, లింగం చూసి తప్పుకోవాలంటే ఈ కోర్టులో ఏ జడ్జీ మిగలరని తేల్చేశారు. ఎంత సూటి మాటో!

ఆ ఉత్తర్వు పూర్తి పాఠం ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది? ఇంకోటి: 1986లో ఆవిడ 'సీనియర్ స్టేటస్' (పూర్తిగా రిటైరవకుండా, తగ్గించిన పనితో జడ్జిగా కొనసాగే ఏర్పాటు) తీసుకున్నారు, 2005లో చనిపోయేదాకా జడ్జే. మన హైకోర్టుల్లో 62కే రిటైర్మెంట్ కదా. అక్కడ సీనియర్ జడ్జికి కేసులు ఎలా కేటాయిస్తారు, వద్దనే వీలుందా? అమెరికా కోర్టుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా చెప్తే మేలు.