రియోలో మూడు రోజులు, మూడు రోజులూ మబ్బేనంట... ఏం చూడాలి?

సంచారి_09:
పని మీద సావో పాలో వచ్చానండి, అది అయ్యాక శుక్ర శని ఆదివారాలు రియో డి జనీరోలో ఉంటా, మొదటిసారి. క్రైస్ట్ విగ్రహం, షుగర్‌లోఫ్ కొండ, కోపకబానా బీచ్ ఎలాగూ చూస్తా, అసలు డౌట్ ఏంటంటే యాప్‌లో మూడు రోజులూ మబ్బే చూపిస్తోంది, క్రైస్ట్ టికెట్ ఇప్పుడే తీసుకోనా లేక అక్కడికెళ్లాక చూసుకోనా? ఇవి కాక ఇంకేం చూడొచ్చో కూడా చెప్పండి. బీచ్‌లో గంటలు గంటలు పడుకునే రకం కాదు నేను, ఎంత దూరమైనా నడుస్తా.

గాలిపటం:
ఇప్పుడే తీసుకోకండి, నేను చేసిన తప్పే అది. పైకెళ్తే అంతా తెల్లగా పొగ, విగ్రహం కాళ్ల దగ్గర నిలబడి తల ఎక్కడుందా అని వెతుక్కున్నాం 😀 విగ్రహం ఉన్న కోర్కోవాడో కొండ 710 మీటర్లు, కింద ఎండ కాస్తున్నా పైన మబ్బు పట్టేస్తుంది. అందుకని యాప్ వదిలేసి పొద్దున లేవగానే రోడ్డు మీదకొచ్చి కొండ వైపు చూడండి, విగ్రహం క్లియర్‌గా కనిపించిందా, టిఫిన్ సంగతి తర్వాత, ముందు బయల్దేరండి. ఇంకోటి, విగ్రహం మొహం తూర్పుకి ఉంటుంది, పొద్దున వెళ్తేనే మొహం మీద వెలుగు పడుతుంది, మధ్యాహ్నం దాటాక సూర్యుడు వెనక్కి వెళ్లిపోతాడు, ఫొటోలో నల్లగా వస్తుంది. వ్యాన్లున్నాయి గానీ కోస్మే వెల్హో స్టేషన్‌లో రైలెక్కండి, టిజుకా అడవిలోంచి పోతుంది. ఆ లైను 1884లో వేశారు, విగ్రహం 1931లో వచ్చింది, దాని సామాన్లు కొండెక్కించింది కూడా ఈ రైలే.

రెండోకప్పుటీ:
పైన చెప్పింది కరెక్టే గానీ శని ఆదివారాలైతే మంచి టైం స్లాట్లు అయిపోవచ్చు, వీలైతే శుక్రవారమే ట్రై చెయ్యండి. నన్నడిగితే క్రైస్ట్ కన్నా షుగర్‌లోఫే బాగుంటుంది, ఎందుకంటే క్రైస్ట్ దగ్గర నిలబడితే క్రైస్ట్ ఉన్న సీన్ కనపడదు కదా! కేబుల్ కార్ 1912 నుంచి ఉంది, రెండు విడతలు, మొదట ఉర్కా కొండ, అక్కడ దిగి ఇంకోటి ఎక్కితే 396 మీటర్ల పైకి. సాయంత్రం నాలుగింటికల్లా ఎక్కేసి చీకటి పడేదాకా దిగొద్దు, సూర్యుడు కోర్కోవాడో వైపే దిగుతాడు, ఆ తర్వాత ఊరంతా ఒక్కో లైటూ వెలుగుతుంది. కిందికొచ్చాక ఉర్కాలో నీళ్ల పక్కన పొట్టి గోడ ఉంటుంది, ఊళ్లోవాళ్లంతా దాని మీదే కూర్చుని తింటూ తాగుతూ ఉంటారు, మీరూ కూర్చోండి.

చెప్పులరిగినోడు:
మబ్బుగా ఉన్న రోజు కొండలు వదిలేసి సెంట్రోకి, అంటే ఊరి నడిబొడ్డుకి పోండి, అక్కడ మబ్బున్నా లేకున్నా ఒకటే. పోర్చుగీస్ రీడింగ్ రూమ్ అని 1887 నాటి లైబ్రరీ, నేల నుంచి కప్పుదాకా చెక్కపని, పుస్తకాలు, లోపలికెళ్తే నోరు దానంతట అదే మూతపడుతుంది. అక్కణ్ణుంచి కన్ఫెయితారియా కొలంబోలో కాఫీ, 1894 నుంచి ఉంది, గోడలకి పేద్ద అద్దాలు. తర్వాత లాపా వైపు నడిస్తే సెలరాన్ మెట్లు, చిలీ నుంచి వచ్చిన పెయింటర్ ఒకాయన 1990లో తన ఇంటి ముందు మెట్లకి టైల్స్ అతికించడం మొదలుపెట్టి 2013లో చనిపోయేదాకా ఆపలేదు, మొత్తం 215 మెట్లు. కింద ఫొటో దిగేవాళ్ల తోపులాట, ఎవరూ పైదాకా ఎక్కరు, మీరు ఎక్కండి. పక్కనే తెల్లటి ఆర్చీలు కనిపిస్తాయి, ఒకప్పుడు నీళ్లు పారించడానికి కట్టినవి, ఇప్పుడు వాటి మీద కొండ మీదున్న శాంటా తెరెజా పేటకి పసుపు ట్రామ్ వెళ్తుంది. ఆదివారం మాత్రం సెంట్రో వద్దు, జనం ఉండరు. ఫోన్ చేతిలో ఊపుకుంటూ నడవొద్దు, ఎక్కడైనా సరే.

సంచారి_09:
థాంక్సండి అందరికీ 🙏 అయితే శుక్రవారం పొద్దున కొండ కనిపిస్తే క్రైస్ట్, లేకపోతే సెంట్రో. మరి ఆదివారం ఏం చెయ్యమంటారు?

గాలిపటం:
నడిచేవాళ్లకి ఆదివారమే పండగ. కోపకబానా, ఇపనేమా బీచ్ రోడ్డులో సముద్రం వైపు లేన్లు కార్లకి మూసేస్తారు, అంతా నడిచేవాళ్లు, సైకిళ్లు, స్కేటింగ్ పిల్లలు. కోపకబానాలో మొదలుపెట్టి నలుపు తెలుపు అలల డిజైన్ ఫుట్‌పాత్ పట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిస్తే బీచ్ అయిపోతుంది, కొంచెం పక్కకి తిరిగితే అర్పోఆడోర్ బండ. సన్‌సెట్ అక్కడ చూడండి. డిసెంబర్, జనవరిల్లో అయితే సూర్యుడు సరిగ్గా సముద్రంలోకే దిగుతాడు, మిగతా నెలల్లో కొండల వెనక్కి. దిగిపోగానే బండ మీదున్న జనమంతా చప్పట్లు కొడతారు, మొదటిసారి నేను ఎవరో సెలబ్రిటీ వచ్చారేమో అని వెనక్కి తిరిగి చూశా.