అప్‌డేట్: నాన్న సీప్యాప్ మాస్కు లీకు తగ్గింది

పోయిన నెల అడిగాను కదా, మా నాన్నకు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు), దానికి నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ మెషిన్ వాడుతున్నాం, ఆ మాస్కు పక్కల నుంచి గాలి కళ్లలోకి కొడుతోంది, పట్టీలు ఎంత బిగించినా ఆగట్లేదని. తప్పంతా ఆ బిగించడంలోనే ఉంది. సిలికాన్ అంచు గాలికి కొంచెం ఉబ్బితేనే ముఖానికి సరిగ్గా అతుక్కుంటుంది, మేము దాన్ని నలిపేస్తున్నాం. ఇప్పుడు నాన్న పడుకున్నాక మెషిన్ ఆన్ చేసి, మాస్కును కాస్త ముందుకు లాగి వదిలి, అప్పుడు పట్టీలు సర్దుతున్నాం. కూర్చున్నప్పుడు సర్దితే పడుకోగానే మళ్లీ కదిలేది.

దానికి తోడు కడప ఎండలకు ముఖమంతా జిడ్డు, చెమట. రోజూ పొద్దున అంచును సబ్బునీళ్లతో కడుగుతున్నాం. మా మెషిన్‌లో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ లీకు కింద లెక్క; మాది 40 నుంచి 12కి దిగింది. మాస్కు అంచుకు అడ్డొచ్చే మీసం కత్తిరించమంటే మాత్రం నాన్న ఇంకా వినట్లేదు!