మా పాపకి పాత స్పైడర్‌మ్యాన్ సినిమాలు ఏ వరుసలో చూపించాలి?

అందరికీ నమస్తే. మా పాపకి తొమ్మిదేళ్లు. మొన్న ఆదివారం మా అక్క వాళ్ళింట్లో 2021లో వచ్చిన ‘నో వే హోమ్’ చూసింది. తనకి టామ్ హాలండ్ ఒక్కడే తెలుసు. మిగతా ఇద్దరు స్పైడర్‌మ్యాన్‌లూ (టోబీ మాగ్వైర్, ఆండ్రూ గార్ఫీల్డ్) రాగానే "నాన్నా, వీళ్ళెవరు?" అని మొదలుపెట్టింది. కిందపడిపోతున్న హీరోయిన్ ఎంజేని ఆండ్రూ గార్ఫీల్డ్ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు కదా, అక్కడ "కాపాడాడుగా, మరెందుకు ఏడుస్తున్నాడు?" అంది. ఆండ్రూ తన సినిమాలో ప్రియురాలు గ్వెన్‌ని కాపాడలేకపోయిన సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు పాతవన్నీ చూస్తానంటోంది. టోబీ మాగ్వైర్‌వి 2002, 2004, 2007లో వచ్చిన మూడూ ముందు పెడదామనుకుంటున్నాను. రెండోదాంట్లో రైలు ఆపి స్పృహ తప్పితే, జనం అతన్ని చేతుల మీదుగా లోపలికి మోసుకెళ్ళే సీన్ ఉందే, అది తను చూసి తీరాలి. నాకు స్పైడర్‌మ్యాన్ అంటే అదే.

టెన్షనంతా ఆండ్రూ 2014 సినిమా గురించే. గ్వెన్ చనిపోవడం ఈ వయసు పిల్లలు తట్టుకుంటారా? మీ పిల్లలకి చూపించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. విషయం ముందే చెప్పి పక్కన కూర్చుని చూపించారా, కొన్నేళ్ళు ఆగారా? 2012లో వచ్చినదొక్కటే చూపించి ఆపేస్తే సరిపోతుందా?