రెండవ సిజేరియన్ తరువాత నొప్పి ఇంత ఎక్కువగా ఎందుకు ఉంటోంది?

ప్రశ్న:
నాకు రెండవ సిజేరియన్ జరిగి నాలుగు రోజులైంది. మొదటి కాన్పులో మూడవ రోజుకే లేచి తిరిగాను. ఈసారి పక్కకు ఒత్తిగిలడం కూడా కష్టంగా ఉంది. బిడ్డ పాలు తాగేటప్పుడు పొత్తికడుపు మెలిపెట్టినట్లవుతోంది. మందు పాలలోకి వెళుతుందేమోనని, ఓర్చుకోలేనప్పుడే మాత్ర వేసుకుంటున్నాను. ఆపరేషన్ అదే, వెన్నులో ఇచ్చిన మత్తు అదే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?

మొదటి సమాధానం:
మీరు చెప్పినవి రెండు వేర్వేరు నొప్పులు. పాలిచ్చేటప్పుడు వచ్చేది కోత నొప్పి కాదు. బిడ్డ చప్పరించినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై గర్భసంచి ముడుచుకోవడం వల్ల వచ్చేది. ఇది మొదటి కాన్పులో కంటే తరువాతి కాన్పులలో ఎక్కువగా తెలుస్తుంది, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. కోత సంగతి వేరు. పాత మచ్చ దగ్గర లోపలి పొరలు అతుక్కుని ఉంటే, వాటిని విడదీయడానికి ఎక్కువ సమయం పట్టి, కణజాలం మరింత నలుగుతుంది. వెన్నులో మత్తుతో పాటు మార్ఫిన్ అనే నొప్పి మందు కూడా కలిపితే సుమారు 12 నుంచి 24 గంటలు ఉపశమనం ఉంటుంది కనుక, కలపనివారికి మొదటి రోజే భారంగా గడుస్తుంది. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది మీ మాత్రల పద్ధతి: నొప్పి ముదిరాక వేసుకున్న మాత్ర దానిని అందుకోవడానికి చాలా సేపు పడుతుంది. పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ పాలలోకి చాలా స్వల్పంగానే వెళతాయి. కోడీన్, ట్రమడాల్ అనే నొప్పి మందుల విషయం అలా కాదు. పాలిచ్చే తల్లులు వాటిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది.

రెండవ సమాధానం:
నిద్రలేమిని, భయాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఇలా అంటే నొప్పి మన ఊహేనని చెబుతున్నట్లు కొందరు నొచ్చుకుంటారు, కానీ అది నిజమైన నొప్పే. ఆపరేషన్‌కు ముందు ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి తరువాత నొప్పి కూడా ఎక్కువగా ఉండే అవకాశముంది. లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, కోతపై దిండు అదిమి పట్టుకుని, చేతుల ఊతంతో లేవండి.

మూడవ సమాధానం:
రోజురోజుకూ తగ్గవలసిన నొప్పి పెరుగుతున్నా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, కుట్ల నుంచి చీము వచ్చినా, పిక్క వాచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న అడిగినవారు:
జ్వరం, చీము, వాపు లేవు. డాక్టరును అడిగి నిన్నటి నుంచి పారాసెటమాల్ వేళ ప్రకారం వేసుకుంటున్నాను. పాలిచ్చేటప్పటి మెలిక అలాగే ఉంది గానీ, ఈ ఉదయం ఎవరి సాయమూ లేకుండా ఒత్తిగిలగలిగాను.